చుట్టపుచూపు

"మీరు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు" అంది ఆండాళ్ మైకులో. "చుట్టాలు భోంచేసి వెళ్లాలి. వంటింటి తాళంచెవి అడగకూడదు."

ఆ మాట ఇంకా నోరు దాటకముందే ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. వెనక వరసల్లో కూర్చున్న తెలుగువాళ్లు కదల్లేదు.

ఆండాళ్ తలెత్తలేదు. ఎత్తితే భర్త గంగాధరరావు మొహం కనిపిస్తుంది. లోపలి కోపాన్ని గొంతులోకి పొంగనివ్వలేదు.

బవేరియాలోని ఆ చిన్న ఊరి టౌన్‌హాల్లో సభ. యూరప్ దేశాల కూటమి కొత్తగా రాసుకుంటున్న రాజ్యాంగ ఒడంబడిక మీద చర్చ. ఒడంబడిక మొత్తం గొడవే. అయితే ఈ ఊళ్లో నిప్పు రాజేసింది మాత్రం ఒకే ఒక్క నిబంధన. ఏ దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్లయినా సరే, అయిదేళ్లు ఒక ఊళ్లో కాపురముంటే ఆ ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. అది కావాలా వద్దా అని సభ చివర చేతులెత్తించి, ఊరి అభిప్రాయంగా పైకి పంపుతారు. ఊళ్లో ఉంటున్న ఎవరైనా చెయ్యెత్తవచ్చు.

ఆ నిబంధన ఆండాళ్‌కు కావాలి. కిందటేడు వాళ్ల వీధి చివరి కీటా మూసేస్తామన్నారు. ఆ చంటిపిల్లల బడిలో ఏళ్ల తరబడి అన్నాలు తినిపించిన మనిషిగా, మూయవద్దని అడగడానికి ఓ కౌన్సిల్ సభ్యురాలి దగ్గరికి వెళ్లింది. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "మీకు ఓటుందా?" అంది. లేదంది ఆండాళ్. ఆవిడ మర్యాదగా లేచి తలుపు తీసి పట్టుకుంది. కీటా మూతపడింది. ఆ మర్యాద ఇప్పటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

అందుకే ఒడంబడిక తెప్పించుకుని చదివింది. ఇటుకరాయంత పుస్తకం. అర్థంకాని చోటల్లా కూతురు రిషితను పట్టుకుని అడిగింది. పిల్ల జర్మన్‌లో విసుక్కున్నా వదల్లేదు. అర్థమయ్యాక తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. రండి, చెయ్యెత్తండి అని బతిమాలింది. చూద్దాంలెండి అన్నారు అందరూ. మొహమాటానికి సభకైతే వచ్చారు.

"ఇక్కడ చదువుకుంటారు, సంపాదించుకుంటారు, ఒకరోజు సామాను సర్దుకుని పోతారు" అంది మైకులో. "ఊరి బాగోగులు చూసుకునేది మేం. మీకు ఓటిస్తే మా ఊరు మాది కాకుండా పోతుంది."

మళ్లీ చప్పట్లు. కాఫీకి విరామం ఇచ్చారు.

గంగాధరరావు గబగబా వచ్చాడు. "నువ్విది ఒప్పుకోకుండా ఉండాల్సింది. నీ గొంతులో ఆ మాటలు వినలేకపోతున్నానే."

"అనలేక నేనూ చస్తున్నాను. నోరంతా చేదు."

"ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చెయ్యరాదూ?"

"సగంలో లేచి వచ్చే అలవాటు నాకు లేదు. మీ చెల్లెలి పాటకచేరీ కూడా చివరిదాకా విన్నదాన్ని."

కాఫీ కప్పుతో అఖిలేష్ దగ్గరికొచ్చాడు. ఎమ్మెస్ చదువుతున్న కరీంనగర్ కుర్రాడు.

"ఆంటీ, గా తాళంచెవి ముచ్చట జర మెత్తగ చెప్తే అయిపోతుండె గద."

"ఎందుకు మెత్తగా? మొన్న మీ గదికొచ్చి అడిగితే నువ్వేమన్నావు?"

"మాకెందుకాంటీ, డిగ్రీ అయినంక యాడుంటమో అన్న."

"ఇక్కడా అదే మాటేగా వినబడింది. మరి ఉలుకెందుకు?"

వాడు కప్పు పక్కన పెట్టేశాడు.

పొరుగింటి శ్యామలాదేవి మాత్రం ఆగలేకపోయింది. చంకలో రెండేళ్ల పాప. "ఇది ఇక్కడే పుట్టింది ఆండాళ్ గారూ. ఇదీ చుట్టపుచూపుకే వచ్చిందా? ఆ మాట మీ నోటి వెంట వింటుంటే ఒళ్లు మండిపోయింది."

"మండనివ్వండి" అంది ఆండాళ్. "అరిటాకులో చుట్టి ఇస్తే మీకు వేడి తెలియదు."

శ్యామలాదేవి మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

సభ మళ్లీ మొదలైంది. ఆండాళ్ మైకు దగ్గరికి లాక్కుంది.

"మిమ్మల్ని ఎవరూ పొమ్మనడం లేదు" అంది. "ఉండండి. పని చెయ్యండి. పన్ను కట్టండి. నోరు మాత్రం మూసుకుని ఉండండి."

మింగెయ్యాలనిపించిన ఆ చివరి మాటను మరీ విడమరిచి పలికింది. ముందు వరసల చప్పట్ల మధ్య, వెనక వరసల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

నిబంధన వద్దనేవాళ్లు చేతులెత్తమన్నారు. ముందు వరసలన్నీ లేచాయి.

కావాలనేవాళ్లు ఎత్తమన్నారు. పాపను ఎడంచేతిలోకి మార్చుకుని శ్యామలాదేవి ముందుగా చెయ్యెత్తింది. ఎత్తడం కాదు, కొట్టడానికి లేపినట్టు లేపింది. అఖిలేష్ కుర్చీ మీదకే ఎక్కాడు. చూద్దాంలెండి అన్నవాళ్లంతా పళ్లు బిగించి లేచారు. గంగాధరరావు ఆవేశంలో రెండు చేతులూ ఎత్తితే, ఒకటి దించమన్నారు. ఆండాళ్ కూడా చెయ్యెత్తింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నిబంధన బొటాబొటిగా నెగ్గింది.

నిబంధన వద్దని వాదించి ఓడిపోయిన పెద్దమనిషి వేదిక దిగి వచ్చి, తన జర్మన్ ఉపన్యాసాన్ని ఒక్క ముక్క పోకుండా తెలుగు చేసి వెనక వరసల ఇయర్‌ఫోన్లలో వేసినందుకు ఆండాళ్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.