గోడ మూలన మౌనం

"ఆ ఈక కింద పెట్టు గోగో! గోడ ముట్టుకోవద్దు!"

కారు తలుపైనా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చాడు ప్రొఫెసర్ డెవాల్డ్. నీలం రంగులో ముంచిన కోడి ఈక గోడకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఈక పట్టుకున్న ముసలమ్మ ఎమ్లీ, ఊరందరికీ గోగో, అంటే అవ్వ, వెనక్కి తిరిగింది.

"ఏమైంది నాయనా? పామా?"

"పాము కాదు. చరిత్ర!"

అతని వెనకే వారసత్వ శాఖ అధికారి మొలోటో మేడమ్ దిగింది. చంకలో ఇత్తడి ఫలకం, చేతిలో ఫైలు. ఆమె సంతకం పెడితే ఈ గోడ రక్షిత కట్టడం అయిపోతుంది. ఆ తరువాత దాని మీద ఒక్క గీత గీయాలన్నా రాజధాని నుంచి అనుమతి రావాలి.

"ఎన్నాళ్లకొస్తుందమ్మా ఆ అనుమతి?" అడిగింది గోగో.

"తొందరగానే. ఏడాదిన్నర."

రేపు పొద్దున్నే గోగో మనవడు వుసి మగపిల్లల దీక్ష ఇంగోమా ముగించుకుని కొండ దిగుతున్నాడు. రెండు నెలలు చలిలో పడి ఉండి, పిల్లాడిగా వెళ్లినవాడు మగాడై వస్తున్నాడు. అలా వచ్చేవాడికి ఇంటి ఆడవాళ్లు కొత్తగా బొమ్మలేసిన గోడ చూపించాలి. పాత గోడ ముందు నిలబెడితే, వీడి కోసం ఈకైనా తడపలేదని ఊరు నవ్వుతుంది. ఆ నవ్వు వాడికి తల నెరిసేదాకా వెంటపడుతుంది. జొన్న బీరు పులుస్తోంది. లోపలి గోడలు అయిపోయాయి. ఈ వీధి గోడ ఒక్కటే మిగిలింది.

"ఒక్క మాట చెప్పనివ్వు బాబూ..."

"తరువాత గోగో. మేడమ్, ఇలా రండి." ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. "పంతొమ్మిది వందల ఎనభై ఆరు. తెల్లవాళ్ల పాలన మీద తిరుగుబాటులో ఈ చుట్టుపక్కల ఊళ్లు తగలబడిన ఏడాది. అప్పుడే ఈ గోడను ఫొటో తీసి నా పుస్తకం అట్ట మీద వేశాను. ఇవిగో, గోడ నిండా బ్లేడ్ల బొమ్మలు. రాజ్యహింస!"

"బ్లేడ్లే నాయనా. మా ఆయన గడ్డం గీసుకుని కిటికీలో పడేసేవాడు."

"చూశారా మేడమ్? గీసిన మనిషికే తెలియదు. అందుకే మేమున్నాం."

"మరి ఈ మెట్లు?" అడిగింది మొలోటో.

"పట్నానికి వలసపోయిన కూలీల బతుకు. మెట్టు మెట్టుకూ అవమానం."

"అవి నేను పనిచేసిన దొరసాని ఇంటి మెట్లు. తుడవలేక నడుం పడిపోయేది కానీ, చూడ్డానికి ముచ్చటగా ఉండేవి."

"అవమానం అన్నానా లేదా!"

గడపలో నిలబడ్డ కోడలు సిబోంగిలే కిసుక్కున నవ్వింది. "అత్తా, మన గోడ మనకంటే ఎక్కువ చదువుకుంది."

ప్రొఫెసర్ ఆ మాట పట్టించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని కింద కుడి మూల చూపించాడు. అక్కడ తెల్లటి చదరం. రొట్టెల పళ్లెమంత. ఒక్క గీత లేదు, ఒక్క చుక్క లేదు.

"అసలు సంగతి ఇక్కడుంది మేడమ్. ముప్పై ఏళ్ల పైన ఎన్నిసార్లు పూసి ఉంటారు? అయినా నా ఫొటోలో ఉన్నది గీత గీతకూ అలాగే ఉంది. నమూనా కాగితం లేదు, కొలబద్ద లేదు. తల్లి చేతి నుంచి కూతురి చేతికి దిగిన జ్ఞాపకం! కానీ ఈ మూల మాత్రం ఖాళీ. నా ఫొటోలో ఈ ఖాళీ లేదు, ఇప్పుడుంది. ఎందుకు?"

"నీళ్ల మీటరు కోసం వదిలారనుకున్నాను," అంది మొలోటో.

"తిరిగిరాని బిడ్డల కోసం వదిలారు! స్వేచ్ఛ తెస్తామని తేలేకపోయిన నాయకుల కోసం వదిలారు! ఇది మౌనం మేడమ్. అరిచే మౌనం! నా కొత్త పుస్తకమంతా ఈ మూల మీదే రాశాను. మూడు వందల పేజీలు."

మొలోటో కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కలం మూత తీసింది.

"ఇల్లు నీది కాబట్టి అడగాలి గోగో. ఆ మూల ఎందుకు వదిలావో నీ నోటితో చెబితే ఫైల్లో రాసుకుంటాను."

"చెప్పు గోగో, సిగ్గుపడకు," అన్నాడు ప్రొఫెసర్, కళ్లు సగం మూసుకుని.

గోగో అతని వంక జాలిగా చూసింది. "చెబితే ఈ బాబు బాధపడతాడమ్మా."

"చెప్పెయ్యి అత్తా! పొద్దు వాలుతోంది, నీలం ఆరొద్దూ?" కసిరింది కోడలు.

"ఏముందమ్మా, ఈ బాబు పుస్తకం పట్టుకుని బస్సుల నిండా జనం దిగేవాళ్లు. అట్ట మీది గోడ ఏదీ అని అడిగేవాళ్లు. ఇంగోమా వచ్చినప్పుడల్లా నేను కొత్తగా వేస్తానాయె! ఆ గోడ కనపడక వాళ్ల మొహాలు మాడిపోయేవి. పాపమనిపించింది. నాలుగేళ్ల కిందట పెద్ద మనవడు కొండ దిగినప్పుడు, కోడలి చేత పుస్తకం పట్టించి అట్ట చూసి దించేశాను."

మొలోటో కలం గాలిలోనే ఉండిపోయింది. ప్రొఫెసర్ మోకాళ్ల మీద నుంచి లేవలేదు.

"కానీ... అట్ట మీద ఈ మూల నిండుగా ఉంది కదా గోగో?" అన్నాడు, గొంతు పీలగా.

"నీ దగ్గరున్న దాని మీద ఉందేమో నాయనా. మేం కొట్లో కొన్న దాని మీద సరిగ్గా ఆ మూలనే 'సగం ధర' కాగితం అంటించారు, ఎంత గోకినా ఊడలేదు."