జింక బూట్లు

బుధవారం సాయంత్రం ఆరుంబావుకి ఆమె మందుల షాపు నుంచి ఇంటికొచ్చేసరికి మేడమెట్ల కింద తండ్రి పడి ఉన్నాడు. ఊపిరి లేదు. ఐదో మెట్టు మీద ఒక స్పైకుల బూటు ఉంది. రెండోది ఆయన చేతిలో ఉంది.

తలకి దెబ్బ తగిలిందన్నాడు డాక్టరు. డెబ్భై ఏళ్ల మనిషి, మెట్ల మీద కాలు జారింది, అంతేనన్నాడు. ఇరుగుపొరుగూ అదే అన్నారు.

ఆమెకి మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. మోకాళ్లు అరిగి మూడేళ్లుగా తండ్రి మేడ ఎక్కలేదు. బూట్లు మేడ మీద ట్రంకుపెట్టెలో ఉంటాయి. చూడాలనిపిస్తే ఆమెతోనే తెప్పించుకునేవాడు. ఆమె ఇంటికొచ్చేదాకా ఆగలేనంత తొందర ఏమొచ్చింది?

హైస్కూల్లో ఎనిమిది వందల మీటర్ల పందెం ఆయన ఆ బూట్లతోనే గెలిచాడు. యాభై మూడేళ్లయింది. ఆ స్కూల్లో ఆ టైమును ఇంతవరకూ ఎవరూ దాటలేదు. జింక అంటే తప్ప ఊళ్లో ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు.

ఆ పందెంలో రెండో స్థానం వచ్చినవాడు తర్వాత అక్కడే డ్రిల్లు మాస్టారయ్యాడు. రిటైరయ్యాక కూడా స్కూలు వదల్లేదు. పాత కప్పులు, జెర్సీలు, టీము ఫొటోలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేశాడు. ఒక గది నిండింది. దాన్ని శుక్రవారం తెరవాలి. నడిమి గాజు బీరువా ఒక్కటే ఖాళీ. దానికోసం పదేళ్లుగా జింక ఇంటి గడప అరగదీశాడు. తండ్రి ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు.

“నేను పోయాక పట్టుకెళ్లరా. అంతదాకా నా వెనకే ఉండు. నీకు అలవాటేగా.”

తండ్రి నవ్వేవాడు. మాస్టారూ నవ్వేవాడు.

గురువారం అంత్యక్రియలకి అన్నీ మాస్టారే చూసుకున్నాడు. బండి మాట్లాడాడు. కుర్చీలు తెప్పించాడు. ఆమె వద్దంటున్నా కూర్చోబెట్టి ఇంత తినిపించాడు. పాత ఆటగాడు పోతే స్కూలు పిల్లలంతా మైదానం చుట్టూ ఒక రౌండు, నోరు మెదపకుండా, పరిగెత్తడం ఆ స్కూలు ఆనవాయితీ. ఆ రౌండు దగ్గరుండి పూర్తిచేయించాడు. సొంత బాబాయి ఉన్నా ఇంత చేసేవాడు కాదనుకుంది ఆమె.

“నాన్న మేడెందుకు ఎక్కాడు బాబాయ్?”

మాస్టారు కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

“పరిగెత్తినవాడి కాళ్లు ఊరుకోవమ్మా. ఏదో గుర్తొచ్చి ఉంటుంది. నువ్వు దాన్నే పట్టుకు వేలాడకు.”

తండ్రి మాట తండ్రి మాటే. బూట్లు ఆమే తెచ్చి మాస్టారి చేతుల్లో పెట్టింది. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. మడమ దగ్గర మరక కనిపిస్తే జేబురుమాలుతో తుడిచాడు.

శుక్రవారం ఉదయం పదింటికి గది తెరిచారు. ముందు వరసలో ఆమెకి కుర్చీ వేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు నడిమి బీరువా మీది గుడ్డ తీశాడు.

గాజు బీరువాలో బూట్లున్నాయి. వాటి కింద మూరెడు ఇత్తడి ఫలకం ఉంది. తండ్రి పేరు, పందెం, టైము, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. ఆమె వంగి అక్షరాల మీద వేలు నడిపింది. లోతుగా ఉన్నాయి.

ఫలకం చెక్కినాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లి దండం పెట్టింది. నిద్ర మానుకుని ఒక్క రోజులో ఇంత పని చేశారు, మీ రుణం ఉంచుకోనంది.

ఆయన కొంచెం నొచ్చుకున్నాడు.

“ఒక్క రోజులోనా? మిషను పని అనుకున్నావా అమ్మా? అక్షరం అక్షరం ఉలితో కొట్టాను.”

పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం రెండూ వేసిన కాగితం మాస్టారు తన చేతికిచ్చింది సోమవారం ఉదయమని చెప్పాడు.