చేపలెండే వంతెన

వంతెన మీద పరిచిన ఉప్పుచేపల్ని ఇంజనీరు అరుణశ్రీ చేత్తో పక్కకు జరిపింది.

చేపలకు కాపలా కూర్చున్న గున్నమ్మ వెంటనే లేచింది.

"ఎవులే పిల్లా నువ్వు? నా సేపల మీద సెయ్యెందుకేసినావు?"

"వంతెన పరీక్షకు వచ్చాను పెద్దమ్మా. ఈ ఉప్పునీరు కారి లోపలి ఇనుమును తినేస్తోంది. ఇక్కడ ఎండబెట్టకండి."

"ఇసకలో పరిస్తే కుక్కలొత్తాయి. నీ నెత్తి మీద పరవమంటావేటి?"

పక్కన చేపలు పరుస్తున్న ఆడవాళ్లంతా నవ్వారు.

అరుణశ్రీ కిందికి దిగి స్తంభాన్ని సుత్తితో తట్టింది. సిమెంటు పెచ్చు ఊడి పడింది. లోపల ఇనుము తుప్పుపట్టి పొరలుగా రాలింది.

"చూడండి. భూమి కాస్త కదిలితే ఇది ఆగదు."

గున్నమ్మ మొగుడు సోములు పడవ దగ్గర్నుంచి వచ్చాడు.

"ఎన్ని తుపాన్లు సూసినాదిది! బాగున్నదాన్ని కొట్టి, ఇరిగిపోనాదంటావేటి? ఇలాగియ్యి."

సుత్తి లాక్కుని ఏట్లోకి విసిరేశాడు.

మర్నాడే వంతెనకు అడ్డంగా దిమ్మెలు పడ్డాయి. లారీలు ఆగాయి. ఏరు దాటి ఆ ఊరికి వచ్చే రోడ్డు అదొక్కటే. గున్నమ్మ, కోడలు ఈశ్వరి చేపల గంపలు నెత్తిన పెట్టుకుని, దిమ్మెలు దాటి నడిచి అవతలి ఒడ్డుకు మోశారు. మోసినన్నాళ్లూ అరుణశ్రీని తిట్టారు.

ఆమె ఎండలో నిలబడి పని చేయించింది. గుక్కెడు నీళ్లిచ్చినవారు లేరు.

స్తంభాలకు కొత్త ఇనుము కట్టారు. భూమి ఊగినా పైభాగం జారకుండా బిగించారు. చేపలు ఎండబెట్టుకోవడానికి ఒడ్డున కంచె వేసిన సిమెంటు గచ్చు కూడా వచ్చింది.

లారీలు తిరిగాయి. అరుణశ్రీ ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

వానలు తగ్గాక ఒక ఉదయం భూమి కదిలింది.

ఈశ్వరి చంటిబిడ్డతో వంతెన నడుమ ఉంది. గున్నమ్మ ఒడ్డున గుండె బాదుకుంది.

వంతెన ఊగింది. నిలిచింది.

ఈశ్వరి బిడ్డనెత్తుకుని నడిచి వచ్చింది.

మర్నాడు గున్నమ్మ ఎండిన నెత్తళ్ల చేపల్లో మంచివి ఏరి పొట్లం కట్టింది. అరుణశ్రీ దగ్గర పనిచేసి, ఇప్పుడు గచ్చు బీటలు పూడుస్తున్న మేస్త్రి నరసింగరావు దగ్గరకు పోయింది.

"ఆ పిల్లకియ్యి బాబూ."

"ఆవిడకి బదిలీ అయిపోనాదప్పా."

"ఎక్కడికో సెప్పు. నానే ఎల్తాను. నోటికొచ్చినట్టు తిట్టీసినాను."

"నువ్వేటి తిట్టినావు! ఎగువూరోలు ఇంకా తిట్టినారు. ఆలదీ మీదీ రెండు వంతెనలూ పాడైపోనాయి. ఒక్కదానికే పని మంజూరైనాది. ఆలకి సుట్టుదారుంది, మీకు లేదు. అందుకని ఆవిడ పని ఇక్కడికి తెచ్చి, అక్కడ దారి మూయించీసింది."

"నిన్న కూలిపోనాదన్నారు, అదేనా?"

"అదే. దాని మీద ఒక్క పురుగైనా లేదు."

గున్నమ్మ పొట్లం పక్కనపెట్టి కూర్చుంది.

"మరిప్పుడైనా ఎగువూరోలకి తెలిసొచ్చినాదా?"

"ఒకడికి బాగా తెలిసొచ్చినాది. దారి మూసిన కాణ్నుంచీ ఆవిణ్ని గడప తొక్కనివ్వనోడు, ఇయ్యాల పొద్దున్నే ఆవిడ కోసం బస్సెక్కినాడు."

"ఎవుడాడు?"

"ఆవిడ సొంత అన్న."