కుర్చీ వెనక నీడ

మోహనకృష్ణ సంచిలో స్వీట్ల డబ్బా ఉంది. పొద్దున తెనాలి స్టేషన్ బయట కొన్నాడు. ఏడాదంతా చెయ్యని పనికి అది ఏ మూలకీ చాలదని అతనికి తెలుసు.

భట్టిప్రోలు దగ్గరి ఆ హైస్కూలుకి అది ఆ ఏడాది ఆఖరి పనిదినం. స్టాఫ్ రూములో కుర్చీలు గుండ్రంగా వేశారు. ఇంకాసేపట్లో అతను లేచి ఒకరి కుర్చీ వెనకాల నిలబడాలి.

ఇదంతా హెడ్మాస్టరు వేంకటసుబ్రహ్మణ్యం గారు పెట్టిన పద్ధతి. అంతకు ముందు ఏడు ఒక టీచరు ఎవరికీ చెప్పుకోకుండా లోలోపలే కుమిలి, చివరికి సెలవు పెట్టి మళ్ళీ రాలేదు. అది ఆయన్ని వదల్లేదు. బడి తెరిచిన రోజున స్టాఫ్ అందరి పేర్లూ చీటీలు రాసి చాక్‌పీసుల డబ్బాలో వేశారు.

"పిల్లలకి మనం ఉన్నాం. మనకెవరున్నారండీ? ఎవరి పేరొస్తే వాళ్ళకి ఈ ఏడాది మీరు నీడ. బయటపడకుండా కనిపెట్టి ఉండండి" అన్నారు.

ఆఖరి రోజున నీడ వచ్చి కుర్చీ వెనకాల నిలబడాలి. కుర్చీలో ఉన్నవాళ్ళు తమకేం అందిందో అందరికీ చెప్పాలి.

మోహనకృష్ణకి వచ్చింది కావేరి పేరు. బయాలజీ టీచరు. ఇల్లు బడి వెనక సందులోనే.

చేద్దాంలే అనుకున్నాడు. అటెండెన్సు యాపులు, మధ్యాహ్న భోజనం ఫోటోలు, పదో తరగతి లెక్కలు, రోజూ తెనాలి నుంచి రైల్లో రాకపోకలు. దసరా వెళ్ళింది. క్రిస్మస్ వెళ్ళింది. కావేరి వాళ్ళమ్మకి ఆపరేషనని అందరితో పాటే విన్నాడు. ఎలా ఉందని అడగలేదు. ఒక సాయంత్రం ఎవరో పిల్లాడి తండ్రి వరండాలో ఆమెని నువ్వు, నువ్వు అంటూ నిలదీశాడు. మోహనకృష్ణ స్తంభం ఇవతల నిలబడి అంతా విన్నాడు. రైలుకి టైమైందని మెట్లు దిగిపోయాడు.

తనకి మాత్రం నీడ లోటు రాలేదు. ఎవరో గానీ కంటికి రెప్పలా చూశారు. హెడ్మాస్టరు గారే అయ్యుంటారని అతని అనుమానం. అది తలుచుకున్నప్పుడల్లా ఇంకా సిగ్గేసేది.

ముందు డ్రిల్లు మాస్టారు పూర్ణచంద్రరావు లేచి, హిందీ టీచర్ సామ్రాజ్యం వెనకాల నిలబడ్డాడు.

"అదీ సంగతి. నా టేబుల్ మీద సపోటాలు పెట్టింది మీరేనా? సగం మీరే తినేశారు కదండీ" అంది సామ్రాజ్యం.

"పండాయో లేదో చూడొద్దా మరి" అన్నాడాయన. అందరూ నవ్వారు. మోహనకృష్ణ సంచిని కుర్చీ కిందకి ఇంకాస్త తోశాడు.

"మోహనకృష్ణ గారూ, మీరు లేవండి" అన్నారు హెడ్మాస్టరు.

లేచాడు. సంచి కుర్చీ కిందే ఉండిపోయింది. ఆ నాలుగడుగులూ నడిచి కావేరి వెనకాల నిలబడ్డాడు.

ఆమె తల తిప్పి చూసింది. "మీరా సార్" అంది. ఒక్క క్షణం ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు.

ఉన్నమాట చెప్పేద్దామనుకున్నాడు. "కావేరి గారూ, నేను అసలు..." అని మొదలుపెట్టాడు.

"మీరుండండి సార్. చెప్పాల్సింది నేను కదా" అని ఆమె ముందుకి తిరిగింది.

వానాకాలంలో గొంతు పోయిన సంగతితో మొదలుపెట్టింది. గొంతు విప్పి పాఠం చెప్పలేని ఆ రోజుల్లో, బెల్లు కొట్టేలోపు టేబుల్ మీద మిరియాల కషాయం ఫ్లాస్కు ఉండేదని చెప్పింది. తగ్గేదాకా ఒక్క పూటా తప్పలేదంది.

కాపాడుతోంది, అనుకున్నాడు మోహనకృష్ణ. గుండె కాస్త కుదుటపడింది. తర్వాతి మాటకి అతను కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

"యూనిట్ టెస్టు మార్కులు తగ్గాయని మీటింగులో అందరి ముందూ మాటపడ్డ మర్నాడు, క్లాసుకి వెళ్ళాలనిపించదు కదండీ. వెళ్ళేసరికి బోర్డు నిండా పిల్లల రాతలు. ఎవరికి ఏ పాఠం బాగా అర్థమైందో రాసి పెట్టారు. ఎవరు రాయించారర్రా అంటే ఒక్కరూ చెప్పరు."

కావేరి ఇంకో సంగతి చెప్పింది.

"లేటుగా వచ్చిన రోజుల్లో ఫస్ట్ పీరియడ్ ఖాళీగా పోలేదు. పిల్లలు అల్లరి చెయ్యకుండా ఎవరో ఒక లెక్క ఇచ్చి కూర్చోబెట్టేవారు."

పూర్ణచంద్రరావు సామ్రాజ్యం వైపు వంగాడు. "ఈవిడ లేటుగా ఎప్పుడొచ్చింది?"

"ఊరుకోండి మాస్టారూ" అందామె కళ్ళు తుడుచుకుంటూ.

"ఇవన్నీ చిన్నవే. కానీ ఒక మనిషి ఈ ఉద్యోగం వదిలెయ్యకుండా ఉండటానికి సరిపోతాయి. అంతేనండి" అని ఆపింది కావేరి.

చప్పట్లు మోగాయి. హెడ్మాస్టరు లేచి వచ్చి మోహనకృష్ణ భుజం తట్టారు. నీడంటే ఇలా ఉండాలన్నారు. ఎంత వినయమో చూడండి, తలే ఎత్తడం లేదని సామ్రాజ్యం అంది.

అతను నిజంగానే తల ఎత్తలేకపోయాడు.

"ఇక మీ వంతమ్మా. మీకొచ్చిన చీటీ ఎవరిది?" అని అడిగారు హెడ్మాస్టరు.

కావేరి లేచి, ఆ కషాయం, ఆ బోర్డు మీద రాతలు, ఆ ఫస్ట్ పీరియడ్ లెక్కలు ఏడాదంతా తను ఎవరికి అందించిందో ఆ మనిషి చోటికి నడిచి, మోహనకృష్ణ వదిలి వచ్చిన ఖాళీ కుర్చీ వెనకాల నిలబడింది.