ముందే ముగిసిన కామెంట్

ఉదయం పదిన్నరకు ఆరో అంతస్తులో లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. వెనక లిఫ్ట్ లేదు. ఎవరూ అడుగు పెట్టలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

తప్పు చేసినవాళ్లను ఇవాళే ఉద్యోగంలోంచి పంపేస్తామని లిఫ్టుల కంపెనీ ప్రకటించింది. అరగంటలో టీమ్ లీడర్ వచ్చి తన మరిది కుర్చీ వెనక నిలబడింది. ఆ లిఫ్ట్ తలుపును నడిపే ప్రోగ్రామ్‌ను ఆఖరుగా ముట్టుకున్నది అతనే.

“లిఫ్ట్ రాకపోయినా తలుపు తెరిచేలా, పరీక్ష కోసం రాసిన ముక్క అది. కంప్యూటర్ చదవకుండా దాటేసేలా మొత్తం కామెంట్ గుర్తుల మధ్య పెట్టి పడుకోబెట్టాను వదినా, ఒట్టు!”

“సగమే పడుకుంది. మధ్యలో పాత కామెంట్ ఇంకోటి ఉంది, కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్? ఈ ప్రోగ్రామింగ్ భాషకు కామెంట్‌లో కామెంట్ అర్థం కాదు. మొదటి ముగింపు గుర్తు కనబడగానే అయిపోయిందనుకుంటుంది. ఆ కింది లైన్లన్నీ మామూలుగా పనిచేస్తాయి.”

అతను గోళ్లు కొరుక్కుంటున్నాడు.

“అయినా నువ్వు పెట్టిన ముగింపు గుర్తు చివర మిగిలిపోవాలిగా? తప్పులు పట్టే కంపైలర్ గోల పెట్టి ఉండాలే!”

“పెట్టింది.”

“మరి ఆ గుర్తేదీ? ఏ బుద్ధిమంతుడు చెరిపాడు?”

“నేనే. ఒక గుర్తు ఎక్కువైందంటోందని నిన్న మీకు ఫోన్ చేశాను కదా. బండి మీద ఉన్నారు. ‘ఎక్కువైందంటే చెరిపెయ్, నా ప్రాణం తియ్యకు’ అన్నారు.”

ఆమె పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. మళ్లీ లేచింది.

“ఆ ఫోన్ సంగతి ఎవరికీ చెప్పను లెండి,” అన్నాడతను.

మూడింటికి తనిఖీ అధికారి వస్తున్నాడు. తప్పెవరిదో ఆయనకు చెప్పాల్సింది ఆమే.