చేతులు లేని బొమ్మ

ఈ శుక్రవారం కూడా డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల టీచరే లాగేసుకుంది. వరసగా ఇది ఆరో వారం.

డ్రాయింగ్ టీచరుకి ఏడుపొక్కటే తక్కువ. తొమ్మిదో తరగతికి వారం మొత్తం మీద ఆమె పీరియడ్ ఒక్కటే, శుక్రవారం ఆఖరిది. అదీ మిగలనివ్వదు ఆ మనిషి. స్టాఫ్ రూమ్‌లో కూడా అంతే. ఇద్దరికీ కలిపి ఒకటే బీరువా. పై అర నిండా లెక్కల నోటుపుస్తకాలు, కింది అరలో రంగుల డబ్బాలు. పుస్తకాల బరువుకి పై అర కుంగిపోయి, డబ్బాలు బయటికి రావడమే మానేశాయి.

హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది.

"వారానికి ఒక్క పీరియడ్ సార్. అదైనా నాకుంచండి."

"తరగతిలో సగం మంది లెక్కల్లో తప్పారమ్మా. మధ్యలో నన్నేం చెయ్యమంటారు? మీలో మీరే తేల్చుకోండి," అన్నారాయన, ఫైల్లోంచి తలెత్తకుండా.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన నవ్వాడు.

"అయితే రేపట్నించి ఆవిడకి నీ క్యారేజీలోంచి ఒక్క ముద్ద కూడా పెట్టకు."

"మీకంతా వేళాకోళమే."

"పోనీ, గట్టిగా పోట్లాడు."

"పోట్లాడుతూనే ఉన్నానండీ. ప్రతిసారీ ఆవిడే గెలుస్తోంది."

ఆ సాయంత్రం దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడింది. రోజూ ఆకాశానికి ఇన్నేసి రంగులు పూసే తీరిక నీకుంది కదా స్వామీ, ఆ పిల్లలకి వారానికో ముప్పావుగంట ఇవ్వడానికి ఏం అడ్డొచ్చింది? అనుకుంది.

ఆమె దిగులంతా గువ్వ గురించి. చివరి బెంచీలో ముడుచుకుని కూర్చునే ఆ పిల్లని అందరూ అలాగే పిలుస్తారు. లెక్కల్లో ఎప్పుడూ సున్నాయే. పెన్సిలు పడితే మాత్రం వేరే మనిషి. మంచం పట్టిన నాయనమ్మ బొమ్మ వేసింది. మొహం అచ్చు దిగింది. చేతులే రాలేదు. ఆరు వారాలుగా ఆ కాగితం నోటుపుస్తకంలో పెట్టుకుని తిరుగుతోంది.

మరుసటి శుక్రవారం ఆఖరి పీరియడ్ గంట కొట్టగానే గువ్వ కాగితం పట్టుకుని వచ్చేసింది.

"టీచర్, నాయనమ్మ అడుగుతోంది. 'నాకు చేతులు పెట్టవేమే, ముద్ద ఎలా తిననూ' అని. డాక్టరు ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు టీచర్. తొందరగా నేర్పరూ?"

"ఇవాళ నేర్పుతా. ఎవరడ్డొస్తారో చూస్తా."

డ్రాయింగ్ టీచరు గోధుమరంగు సుద్ద తీసి బోర్డు మీద ముసలి చెయ్యి మొదలుపెట్టింది. మణికట్టు. ఉబ్బిన నరాలు. వంకర తిరిగిన బొటనవేలు. లెక్కలనగానే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలు కూడా మెడలు సాచి చూస్తున్నారు. మూడు వేళ్ళయ్యాయి.

కిటికీ అవతల హెడ్మాస్టరు గారు దగ్గారు.

"సోమవారం పరీక్ష. త్రిభుజాల పాఠం ఎంతవరకూ వచ్చింది?"

ఆ మాట చాలు. లెక్కల టీచరు డస్టరు అందుకుంది. వేళ్ళు పోయాయి, నరాలు పోయాయి, మణికట్టు పోయింది. ఆ చోట త్రిభుజం లేచింది.

"పుస్తకాలు తియ్యండి."

"అయిపోయిందిరా," అని ఎవడో గొణిగాడు. బెంచీల మీద పుస్తకాల చప్పుడు. గువ్వ మాత్రం కాగితంతో అక్కడే నిలబడిపోయింది.

"డ్రాయింగ్ టీచర్ మళ్ళీ ఎప్పుడొస్తారు టీచర్?"

లెక్కల టీచరు ఇందాక ముసలి చెయ్యి గీస్తున్నప్పుడు తన వేళ్ళకంటిన గోధుమరంగు సుద్దని ఆ డస్టరుకే తుడుచుకుంది.