మంచు కింద విందు

“మూత తియ్యకు వసూ. వాసన ఇల్లంతా పట్టేస్తుంది,” అన్నాడు దామోదర్.

వసుమతి చెయ్యి వెనక్కి తీసుకుంది. వంటింటి బల్ల మీద నీలం రంగు ఎనామెల్ గిన్నె ఉంది. పక్కింటి మిసెస్ క్లైన్ మోకాలి లోతు మంచులో నడిచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, దాన్ని వసుమతి చేతుల్లో పెట్టి ఇప్పుడే వెళ్లింది. గిన్నె ఇంకా వేడిగా ఉంది. ఇంట్లో దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది. పొయ్యి మీద పరమాన్నం కుతకుతమంటోంది. కొత్త సంవత్సరాన్ని ఎవరినీ పిలవకుండా, ఎక్కడికీ పోకుండా, తామిద్దరే ప్రశాంతంగా ఆహ్వానించాలని అనుకున్నారు.

పెన్సిల్వేనియాలోని ఆ పల్లెలో జనవరి ఒకటిన ప్రతి ఇంటా పులియబెట్టిన క్యాబేజీతో పంది మాంసం ఉడుకుతుంది. కోడి వెనక్కి గీరుతుంది, పంది ముందుకు తవ్వుకుంటూ పోతుంది. కనుక ఆ రోజు పంది మాంసం తిన్నవాళ్ల ఏడాది ముందుకే సాగుతుందని వాళ్ల నమ్మకం. ఈ సంగతి దామోదర్‌కు వారం రోజులుగా క్లినిక్‌కి వచ్చిన పేషెంట్లందరూ చెబుతూనే ఉన్నారు.

“మేం తినమని చెప్పేస్తే పోతుంది కదండీ. ఆవిడేం అనుకోదు,” అంది వసుమతి.

ఆవిడ అనుకోకపోవచ్చు, ఊరు అనుకుంటుందన్నాడు దామోదర్. జలుబు చేసినా పట్నం దాకా డ్రైవ్ చేసుకుని పోయేవారే తప్ప, మొన్న మొన్నటిదాకా ఈ కొత్త డాక్టరు గడప తొక్కినవారు లేరు. ముందుగా వచ్చింది ఆ ముసలావిడ. తర్వాత తన వాళ్లను పంపింది, వాళ్ల వాళ్లను పంపించింది. అలాంటి మనిషి తెచ్చిన శుభాన్ని ఏడాది మొదటి రోజునే తిప్పి పంపితే, తెరుచుకున్న ఆ తలుపులు మళ్లీ మూసుకుపోవా? ఇదంతా గోడలకు వినపడుతుందేమో అన్నంత చిన్నగా చెప్పాడు.

“అయితే ఏం చేద్దామని?”

“తిన్నామని చెప్తాను.”

“ఆ చెప్పేదాంట్లో నన్ను కలపకండి,” అని వసుమతి పరమాన్నం వైపు తిరిగింది.

దామోదర్ కోటు తొడుక్కున్నాడు. గిన్నెను ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, పెరట్లోని పనిముట్ల గది వెనక్కి నడిచాడు. పారతో మంచును తవ్వాడు. ముఖం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని గిన్నెను వంచాడు. రోజూ పుండ్లూ గాయాలూ చూసే మనిషి, ఒక గిన్నెలోకి చూడలేకపోయాడు. పైన మంచు కప్పాడు. కప్పిన చోట సన్నగా ఆవిరి లేచింది. మరికొంత కప్పాడు. మళ్లీ లేచింది. ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కింటి కిటికీ వైపు చూశాడు, ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం అతని సిగ్గును తగ్గించలేదు. ఆ ఆవిరి ఆగేదాకా బూట్లతో తొక్కుతూ నిలబడ్డాడు. తన కోసం పొద్దున్నే లేచి ఒక పెద్దావిడ వండిన వంటను తను కాళ్లతో తొక్కుతున్నాడని తెలుస్తూనే ఉంది.

గిన్నెను గరాజ్‌లోని కుళాయి దగ్గర వేడి నీళ్లతో తోమాడు, మళ్లీ తోమాడు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని వసుమతి రవ్వలడ్డూలు రేకు కాగితంలో చుట్టి అందులో పెట్టింది. భర్త ముఖం వైపు మాత్రం చూడలేదు.

మధ్యాహ్నం దామోదర్ గిన్నె తీసుకుని పక్కింటికి వెళ్తే, మిసెస్ క్లైన్ తలుపు తీసి, లోపలికి రమ్మని, మంచు బూట్లతోనే రమ్మని బలవంతపెట్టింది. వాళ్ల పొయ్యి మీద అచ్చం అలాంటి నీలం గిన్నె ఇంకొకటి ఉంది. పక్కన కుర్చీలో ఆవిడ భర్త కునుకు తీస్తున్నాడు. ఆవిడ లడ్డూ చేతిలోకి తీసుకుని చంటిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత, అసలు సంగతి అడగడానికి భయపడుతున్నట్టు, ఏప్రన్ అంచు నలుపుతూ అడిగింది.

“తిన్నారా, డాక్టర్?”

“ఒక్క మెతుకు మిగల్చలేదు.”

“నిజం చెప్పండి. బాగాలేకపోతే బాగాలేదనండి. నాకు చాలా బెంగగా ఉంది.”

ఆ కళ్లలోని ఆతురత చూసి దామోదర్ మనసు చివుక్కుమంది. ఇంత ఆశపడుతున్న మనిషికి ముక్తసరి మాట చాలదనిపించింది. చిన్న అబద్ధానికి సిగ్గుపడి, దాన్ని కప్పడానికి పెద్దది వెతుక్కున్నాడు.

“అద్భుతంగా ఉంది, మిసెస్ క్లైన్. ఆ మాంసం వెన్నలా కరిగిపోయింది. అంత మెత్తటి పంది మాంసం నేనెక్కడా తినలేదు. మా వసుమతి అయితే ముక్కలన్నీ ఏరుకుని మళ్లీ వడ్డించుకుంది.”

ఆవిడ పెదవుల మీది నవ్వు అక్కడే ఆగిపోయింది. పొయ్యి మీది గిన్నె వైపు చూసింది. దాని మూత మాత్రం తీసి చూడలేదు. డాక్టరు ముఖం వైపు చూసింది. చేతిలోని లడ్డూను బల్ల మీద మెల్లగా పెట్టి, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

“నన్ను క్షమించండి, డాక్టర్. చర్చి విందులో మీరిద్దరూ మాంసం ముట్టకపోవడం చూసి, మీకోసం చిక్కుడు గింజలతో వేరే వండాను. పొరపాటున గిన్నెలు మార్చేసి, పండగపూట మీ చేత తినకూడనిది తినిపించాను.”